పడేక్ జాడీల సాక్ష్యం

తోంగ్‌సైని బావిలోంచి పైకి లాగినప్పుడు తాడు పట్టింది నేనే. పూడిక తీయడానికి దిగాడు. అడుగున మోకాటిలోతు నీళ్ళు కూడా లేవు. మునగలేదు, జారలేదు. గాలి పీల్చి చచ్చిపోయాడు.

బావి పక్కనే ప్రసోంగ్ ఫ్యాక్టరీ గొయ్యి. షావుకారు కదా, తావ్‌కే అంటాం. రంగులు కడిగి వాడేసిన థిన్నరంతా అందులో పోస్తాడు, అది పొంగి కాలవలోకి పారుతుంది. మా బాతు ఒకటి ఆ కాలవలో ఈదొచ్చి, మా మామ చుట్ట పక్కగా నడిచింది. భగ్గుమని అంటుకుని, వేగిపోయి, పళ్ళెంలోకే వచ్చి పడింది. అబద్ధమైతే నా మీసం గొరిగించండి.

తావ్‌కే ఇంజనీరు బకెట్‌తో బావి నీళ్ళు తోడాడు. మూత లేకుండా ఎండలో పరీక్షకి తీసుకెళ్ళి, శుభ్రమేనని కాగితం తెచ్చాడు.

"మీవాడు సారా తాగి చచ్చాడు," అన్నాడు తావ్‌కే.

ఊరంతా కూర్చున్నాం. "కాగితంలో బాగానే ఉందిగా," అని నసిగాడు గ్రామపెద్ద.

తోంగ్‌సై పెళ్ళాం లమ్‌దువన్ లేచింది. జాడీల్లో చేపలు ఊరబెట్టి పడేక్ చేసి అమ్మే మనిషి.

"మూత తీసిన జాడీలో ఘాటు నిలుస్తుందా, ఓ పెద్దమనిషీ? ఆ విషం కొంత బురదను పట్టుకుంటుంది, కొంత నీళ్ళలో ఉంటుంది, కొంత గాల్లోకి లేస్తుంది. మూత బిగిస్తే మూడూ వాటాలు పంచుకుని కుదురుకుంటాయి. గాలి వాటా పోతే నీళ్ళిస్తాయి, నీళ్ళ వాటా పోతే బురదిస్తుంది. బకెట్లో గాలి వాటా ఎగిరిపోయింది. బురద వాటా బావిలోనే ఉంది. నా మొగుడికి గాలి వాటా దక్కింది."

"మరి తావ్‌కే వాటా, అక్కా?" అన్నాను.

"మనమే మోసుకెళ్దాం."

ఇంటికో జాడీ. అడుగున గొయ్యి బురద, మీద బావి నీళ్ళు, పైన బెత్తెడు ఖాళీ. ఏడు రోజులు మూతలు బిగించి ఉంచాం. ఎనిమిదో రోజుకి జాడీలు గురకపెట్టాయి.

ఆ రోజే, తావ్‌కే తవ్వబోయే రెండో గొయ్యికి అనుమతి ఇవ్వాలా వద్దా అని జిల్లా ఆఫీసులో విచారణ. ఏసీ గది, కిటికీలన్నీ మూసున్నాయి. తావ్‌కే ముందు వరసలో కూర్చున్నాడు.

"శుభ్రమేగా అయ్యా? అయితే కదలకు," అని లమ్‌దువన్ మూత తీసింది. వెనక రెండొందల మూతలు లేచాయి.

ఇంజనీరు కిటికీ చట్రాన్ని మెడలో వేసుకుని దూకాడు. తావ్‌కే తలుపు వైపు పరిగెత్తాడు. చెరకు కొట్టే ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. మాకేం కాలేదు, రోజూ పీల్చేదేగా.

"తియ్యండే! చచ్చిపోతా!"

"నువ్వేం సారా తాగావురా?" అంది లమ్‌దువన్.

"సారా కాదు! గాలి! మీ జాడీల గాలే చంపేస్తోంది!"

"రాసుకోండి బాబూ," అంది లమ్‌దువన్ దగ్గుతున్న గుమాస్తాతో. అతను రాశాకే తలుపు తీశారు.

పోలీసులు ఆమెకు బేడీలు వేశారు. జాడీలు జీపెక్కిస్తూ ఇన్‌స్పెక్టరు ముక్కు మూసుకుని అరిచాడు: "మూతలు గట్టిగా బిగించండ్రా!"

"నేర్చుకున్నావు నాయనా," అని నవ్వుతూ జీపెక్కింది.

మర్నాడు కాలవ కింది ఆరు ఊళ్ళు కదిలాయి. ఫ్యాక్టరీ గేటుకి అడ్డంగా జాడీలు, ఒక్కో జాడీ వెనక ఒక్కో మనిషి. "లమ్‌దువన్‌ని వదలండి, గొయ్యి పూడ్చండి!" తావ్‌కే గేటు తీయలేదు. మేం మూతల మీద చేతులేసి కూర్చున్నాం.