తేనెపిట్ట పాటకు పొగ

మా మనవరాలు జాచూకా కాగువాసు పట్నంలో చదువుకుంది. మా గువారానీ భాష పాటల్ని స్పానిష్‌లోకి తెస్తోంది. పుస్తకం వేస్తారట. అన్నీ అయ్యాయి. వాళ్ల అమ్మమ్మ పాట ఒక్కటే మిగిలింది. భూమి లేనప్పుడు, చీకట్లో ఉన్న మొదటి తండ్రికి తేనెపిట్ట ముక్కుతో నీళ్లు తెచ్చి తాగించిన పాట.

"నువ్వు సరేనంటేనే ఇస్తానమ్మమ్మా. సాయంత్రం బస్సుకి వెళ్లాలి" అంది.

నా భార్య కెరెచూ కర్రపెండలం చెక్కు తీస్తోంది. తలెత్తలేదు.

"మాటంటే ఈ బస్తాలోంచి ఆ బస్తాలోకి గుమ్మరించే ఆకు కాదే. దాని ప్రాణం దారిలో జారిపోతే?"

"జాగ్రత్తగా పట్టుకెళ్తా."

"గొడుగు కూడా జాగ్రత్తగానే పట్టుకెళ్లావు. ఏదీ?"

పిల్ల నవ్వలేక నవ్వింది.

మా ఇంట్లో మాటలన్నీ కెరెచూవే. నేను చన్నీళ్లలో ఆకు నానబెట్టిన తెరెరేని కొమ్ములో పోసి ఇద్దరికీ తాగడానికి అందించి కూర్చున్నాను. జాచూకా ఆ పాటను స్పానిష్‌లో రాసుకున్న కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది, పసిగుడ్డు మెడ కింద చెయ్యి పెట్టినట్టు.

మా దగ్గర బిడ్డ పుట్టగానే పేరు పెట్టం. నడక రావాలి, కొత్త మొక్కజొన్న చేతికి రావాలి. అప్పుడు ప్రార్థన ఇంట్లో పెద్దాయన బిడ్డ నడినెత్తిన పొగాకు పొగ ఊది, ఏ దిక్కు నుంచి వచ్చావమ్మా అని అడుగుతాడు. పేరు ఆయనకు వినిపిస్తుంది. అందాకా ఆ ప్రాణం ఉండనా, పోనా అని చూస్తూ ఉంటుంది. అందుకే బిడ్డను ఎవరూ కసరరు. జాచూకాకి నడక ఆలస్యమైంది. అన్నాళ్లూ కెరెచూ దాన్ని చంక దింపలేదు.

లేచి నా మట్టి చిలుం తెచ్చాను. నిప్పు పెట్టాను.

"ఏంటి ముసలాయనా, నీకెప్పుడొచ్చింది పెద్దరికం?"

"పేరు పెట్టట్లేదులే. ఊరికే పలకరిస్తున్నా."

కాగితం మీదికి మెల్లగా పొగ వదిలాను.

"ఏ దిక్కు నుంచి వచ్చావమ్మా?"

కెరెచూ కత్తి పక్కన పెట్టింది.

"చదవవే" అంది.

జాచూకా స్పానిష్‌లో మొదలుపెట్టింది. కెరెచూకి ఆ భాష సంత బేరాల వరకే వచ్చు. కాసేపు విని, లేచి, మూలనున్న వెదురు బొంగు తీసుకుంది. నేల మీద ఒక పోటు వేసింది. ఇంకొకటి. మా ఆడవాళ్లు పాటకు తాళం అలాగే వేస్తారు. పిల్ల దానికి తగ్గట్టు నెమ్మదించింది. పిట్ట నీళ్లు తెచ్చే చోట తడబడి ఆగిపోయింది. కెరెచూ ఆపలేదు. ఉయ్యాల ఊపినట్టు పోటు వేస్తూనే ఉంది, పిల్ల మళ్లీ అందుకునేదాకా.

"పాట ఇంకా తప్పటడుగులే వేస్తోంది. అయినా ప్రాణం ఉంది" అంది చివరికి.

"అయితే తీసుకెళ్లనా?"

"నడక రాని బిడ్డను బస్సెక్కిస్తారటే? కొత్త మొక్కజొన్న దాకా ఇక్కడే ఉండనీ. నువ్వూ ఉండు. నువ్వు చదువు, నేను పోటు వేస్తా. అప్పుడు పంపిద్దాం."

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. పిల్ల కాగితం వంక చూసింది, అమ్మమ్మ వంక చూసింది.

"పుస్తకం వాళ్లు కసురుతారమ్మమ్మా."

"బిడ్డను కసరకూడదని చెప్పు."

బస్సు వెళ్లిపోయింది. నేను కుండలో ఇంకో దుంప వేశాను.