ఎడమచేతి మఫ్లర్

నేను ఒక మఫ్లర్‌ని. వినయం కొద్దీ అలా చెప్పుకుంటున్నాను గానీ, నన్ను చూసినవాళ్ళలో సగం మంది దుప్పటి అన్నారు, ఒకాయన కిటికీ పరదా అన్నాడు. ఒక కొసన జానెడు వెడల్పుంటాను, రెండో కొసన రెండు మూరలు దాటుతాను. ఇలా పుట్టాలని నేనేమీ తపస్సు చేయలేదు. అంతా నన్ను అల్లినాయన పనితనం.

ఎక్కడో లుధియానా వైపు ఒక మిల్లులో ఊలుగా పుట్టాను. మామూలు ఊలు ఉండకు పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకే రంగు. నా రకం వేరు. మొదలు టమాటా ఎరుపు, పోనుపోను నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, చివరికి వంకాయరంగు. ఏ రంగు ఎక్కడ ఆగిందో, తర్వాతది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించడం నా వల్ల కూడా కాదు. ఇంత అందం పెట్టుకుని మదనపల్లెలో ఒక దుకాణం అద్దాల బీరువాలో, మంకీ క్యాపులకూ స్కూలు మేజోళ్ళకూ మధ్య రెండేళ్ళు పడి ఉన్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషీ నన్ను బుగ్గకు ఆనించుకుని ఎంత బాగుందో అనేది, మాసినా కనపడదని మెరూన్ రంగు ఊలు కొనుక్కుని వెళ్ళిపోయేది.

చివరికి నన్ను కొన్నది నజ్మా. చేతులూ కాళ్ళూ పడిపోయినవాళ్ళకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు. చక్కని పిల్ల, ఆమె ఒంటి మీద స్వెటర్‌నైపోతానని సంబరపడ్డాను. ఆమె నన్ను తిన్నగా తీసుకెళ్ళి ఒక సెలూన్‌లో, నెరిసిన మీసాలున్న మంగలి ఒళ్ళో పడేసింది.

ఆయన పేరు గంగులప్ప. ముప్పై ఐదేళ్ళుగా ఆ వీధి గడ్డాలన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. కాలు తిరిగొచ్చింది. మాటా తిరిగొచ్చింది. మాట ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చినా తనకేం తొందర లేదని ఆయన భార్య రెడ్డెమ్మ అందరికీ చెప్పేది. ఎడమచెయ్యి మాత్రం మొండికేసింది.

కత్తి పట్టేది కుడిచెయ్యే కదా, ఎడమది లేకపోతేనేం అని మీరు అనుకోవచ్చు. ఊరంతా అదే అనుకుంది. కత్తి ఎవడైనా పడతాడు. చెంప మీద చర్మాన్ని వేళ్ళతో లాగి పట్టేది ఎడమచెయ్యి. అది బిగువుగా పట్టకపోతే చర్మం ముడతపడుతుంది, ముడత మీద కత్తి పెడితే తెగుతుంది. అందుకే గంగులప్ప రోజూ సెలూన్ తెరిచి, ఖాళీ కుర్చీ ఎదురుగా బెంచీ మీద కూర్చునేవాడు.

పాత గిరాకీలు పలకరించడానికి రోజూ వచ్చేవాళ్ళు. పేపరు చదివేవాళ్ళు, ఆరోగ్యం అడిగేవాళ్ళు, అయ్యో పాపం అనేవాళ్ళు. అందరి చెంపలూ నున్నగా, వేరే సెలూన్‌లో గీయించుకుని వచ్చినవే. గంగులప్ప వాళ్ళ మొహాల్లోకి చూసేవాడు కాదు, చెంపల్లోకి చూసేవాడు. వాళ్ళకది తెలిసేది కాదు. వాళ్ళలో పెద్దమనిషి మండీ చిన్నప్పరెడ్డి, టమాటా వ్యాపారి. ముప్పై ఏళ్ళు గంగులప్ప చేతికి గడ్డమిచ్చినవాడు, ఇప్పుడు అందరికంటే నున్నగా వచ్చేవాడు. ఆ మనిషంటే నాకు మొదట్లో ఒళ్ళు మండేది.

"రబ్బరు బంతి పిసకమంటే బెంచీ కిందికి విసిరేసినారంట. ఇది అల్లండి అంకుల్" అంది నజ్మా.

"ఇది ఆడోళ్ళ పని పాపా."

"ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేంది? వెంట్రుకల పనే కదా" అంది రెడ్డెమ్మ లోపలి నుంచి. "ఇదీ వెంట్రుకే. గొర్రెది."

నిజానికి నాలో గొర్రె భాగం చాలా తక్కువ. అయినా ఆ సమయంలో నోరు మూసుకోవడం మంచిదనిపించింది.

నజ్మా సూది మీద నలభై ఉచ్చులు వేసిచ్చింది. ఈ పనిలోనూ కుడిచెయ్యి పొడుస్తుంది, లాగుతుంది, పెత్తనం చేస్తుంది. ఎడమచెయ్యి ఉచ్చులన్నిటినీ జారిపోకుండా పట్టుకుని ఒక్కొక్కటే వదలాలి. ఆ పిల్ల ఇంకో తెలివైన పని కూడా చేసింది. నా ఉండను గుడ్డసంచిలో పెట్టి మూతి కట్టి, దారం ఒక్కటే బయటికి వదిలింది. "లోపల ఏ రంగుందో చూడకూడదు. అల్లితేనే తెలుస్తుంది" అంది.

మనిషి ఎంత విచిత్రమైనవాడో నాకు అప్పుడు తెలిసింది. తన చెయ్యి బాగుపడుతుందంటే నెల రోజులు బంతి ముట్టుకోనివాడు, ఎరుపు తర్వాత ఏం వస్తుందో చూడాలని అన్నం మానేసి అల్లాడు. ఇంకొక్క వరుస, ఇంకొక్క వరుస అంటూ రెడ్డెమ్మ పిలుపులన్నీ పెడచెవిన పెట్టాడు. మొదటి వారం నన్ను తిట్టని తిట్టు లేదు. వేళ్ళు వణికి ఉచ్చులు జారితే సూదులు విసిరేసేవాడు, కాసేపటికి తనే వంగి తీసుకునేవాడు. పసుపు వచ్చేసరికి తిట్లు తగ్గాయి.

"మా టమాటా పచ్చగా పుట్టి ఎర్రగా పండుతాది. నీది ఎర్రగా పుట్టి పచ్చబడతా ఉండాదే!" అని చిన్నప్పరెడ్డి వెటకారం చేస్తే, గంగులప్ప తలెత్తకుండా, "పో, పొయ్యి కొత్త సెలూన్‌లో చెప్పుకో" అన్నాడు. ఆ తర్వాత రెడ్డి నాలుగు రోజులు కనిపించలేదు.

ఇక నా వెడల్పు సంగతి. ప్రతి వరుస మొదట్లో గంగులప్ప దారాన్ని సూది మీదుగా వెనక్కి తిప్పేవాడు. అలా తిప్పితే పక్కన ఒక దొంగ ఉచ్చు పుడుతుంది. ఆయన దాన్నీ సొంత బిడ్డలాగే చూసుకుని, దానితో కలిపి అల్లుకుంటూ పోయాడు. నలభై ఉచ్చులు అరవై అయ్యాయి, వంద అయ్యాయి. నేను ఊరుకోకుండా పెరిగాను. వరుస వెడల్పయ్యే కొద్దీ దానికి దారం ఎక్కువ పడుతుంది కదా, అందుకని ఒక్కో రంగు పట్టీ సన్నబడుతూ వచ్చింది. ఎరుపు మూరెడు పొడవు వస్తే, నీలం నాలుగు వేళ్ళకే అయిపోయింది.

దాన్ని చూసి ఆ మహానుభావుడు పొంగిపోయి, మళ్ళీ రావడం మొదలుపెట్టిన చిన్నప్పరెడ్డికి చూపించాడు. "చూడు రెడ్డీ! రంగులు ఎంత బిరీన మారతా ఉండాయో. చెయ్యి పరిగెత్తతా ఉండాది. బుధవారం కుర్చీలో గిరాకీని కూచోబెడతా."

అది చెయ్యి పరుగు కాదయ్యా, నా లావు అని అరవాలనిపించింది. మఫ్లర్లకు నోరుండదు.

ఆ సాయంత్రం నజ్మా వచ్చి నన్ను విప్పి పరిచి నోరెళ్ళబెట్టింది. సూది మీద ఉచ్చులు లెక్కపెట్టింది. నూట అరవై రెండు. చెప్పేస్తుందనుకున్నాను. ఆమె ఇంకోసారి మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు వేలు పోనిచ్చి, "ఒక్కటి కూడా జారిపోలేదు" అంది. లావు సంగతి ఎత్తకుండా, మిగిలిన వంకాయరంగు దారంతో ఉచ్చులు మూసి నన్ను సూది మీంచి దించింది. నేను సిగ్గుపడ్డాను. ఆయన చూపించిన కారణం తప్పే, కానీ నూట అరవై రెండు ఉచ్చుల్ని ఆ ఎడమచెయ్యి నిజంగానే పట్టుకుంది. ఇన్నాళ్ళూ నా ఒంటి మీదే ఉన్న సంగతి నాకే కనపడలేదు.

బుధవారం వచ్చింది. గంగులప్ప అద్దం తుడిచాడు, కత్తి కడిగాడు, కొత్త బ్లేడు వేశాడు. ఒక్కడు రాలేదు. దారిన పోయేవాళ్ళను పిలిస్తే, గడ్డం పెంచుతున్నానని, కొండకు మొక్కుకున్నానని ఒకడు చెప్పాడు. రెండోవాడూ అదే చెప్పాడు. పదింటికల్లా వీధిలో నలుగురు భక్తులయ్యారు. నలుగురూ ముందురోజే నున్నగా గీయించుకున్నవాళ్ళు.

గంగులప్ప కుర్చీ వెనక నిలబడి ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ ఉన్నాడు. అది చూడలేక రెడ్డెమ్మ నన్ను భుజాల మీద కప్పుకుని, చలిలో గబగబా టమాటా మండీకి నడిచింది. వేలం మధ్యలో, బుట్టల నడుమ నిలబడి అందరూ వినేటట్టు అడిగింది.

"చిన్నప్పన్నా, నీ పెండ్లినాడు నీకు గడ్డం గీసింది ఎవురు?"

రెడ్డి నీళ్ళు నమిలాడు. "మీ ఆయనే."

"నీ కొడుక్కి పుట్టెంట్రుకలు తీసింది ఎవురు?"

"మీ ఆయనేలేమ్మా..."

"మరి ఈ పొద్దు నీకు యా దేవుని మొక్కు?"

రెడ్డి చెంప తడుముకున్నాడు. రెండు రోజుల గడ్డం గరగరలాడింది. మా వెనకే వచ్చాడు, ఉరికంబానికి నడిచినట్టు నడిచాడు గానీ వచ్చాడు.

రెడ్డి కుర్చీలో కూర్చున్నాక గంగులప్ప బీరువాలోంచి సెలూన్ గుడ్డ తీసి దులిపాడు. ఆరు నెలల్లో ఎలుకలు దానికి తల పట్టేంత బొక్క పెట్టాయి. గంగులప్ప అటూ ఇటూ చూసి, రెడ్డెమ్మ భుజం మీది నుంచి నన్ను లాగి, రెడ్డి మెడకు చుట్టి, వెడల్పు కొసను ఒళ్ళంతా కప్పాడు. ఊలు గుచ్చుకుని రెడ్డి ఒకసారి మెలికలు తిరిగాడు. నా కింద ఆయన రెండు చేతులూ పిడికిళ్ళు బిగించాయి. అవి పైకి ఎవరికీ కనపడవు, నాకు మాత్రం తెలుసు.

గంగులప్ప నురగ పట్టించాడు. ఎడమచెయ్యి పైకి లేచింది. చెంప మీద ఆనినప్పుడు ఒక్క క్షణం వణికింది, తర్వాత వేళ్ళు చర్మాన్ని పట్టి పైకి లాగాయి. కత్తి దిగింది. నా పోగులన్నీ బిగుసుకున్నాయి. కుడిచెంప అయింది. ఎడమచెంప అయింది. "తల ఎత్తు" అన్నాడు గంగులప్ప. రెడ్డి కళ్ళు మూసుకుని గొంతు చాపాడు. కత్తి గొంతు మీద మెల్లగా పైకి వచ్చి, గడ్డం కింద గుంత దగ్గర ఆగింది, కదిలింది. నురగలో చిన్న ఎర్ర చుక్క లేచింది.

గంగులప్ప చేతిలో కత్తి కిందికి వాలిపోయింది. అద్దంలో ఆయన మొహం పాలిపోయింది. "నా వల్ల కాదన్నా" అన్నాడు. ఆ గొంతు విని రెడ్డెమ్మ గోడవైపు తిరిగింది.

రెడ్డి కళ్ళు తెరిచి, అద్దంలోకి వంగి ఆ చుక్కను చూశాడు.

"ఈ గుంత కాడ ముప్పై ఏండ్లుగా కోస్తానే ఉండావు. ఒక్కసారన్నా కోయకుండా పంపించినావా? ఇప్పుడు మాత్రం రోగం మీదికి తోసి తప్పించుకుంటావా? పటిక రాయి!"

గంగులప్ప పటిక కోసం వెతుకుతూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. అదే ఎడమచేత్తో గడ్డం పట్టుకుని పటిక రాస్తుంటే రెడ్డి మంటకు అమ్మా అని కేక పెట్టాడు. ఆ వారంలోనే వీధిలో నలుగురి మొక్కులూ ఒకేసారి తీరిపోయాయి.

ఇప్పుడు నేను ఆ సెలూన్‌లో మేకుకు వేలాడుతుంటాను. నల్లవీ, తెల్లవీ, రంగేసినవీ వెంట్రుకలు ఒళ్ళంతా దిగబడి, నా అసలు రంగులేమిటో చెబితే నమ్మేవాడు లేడు. నజ్మా వచ్చినప్పుడల్లా ఉతకండి మహాప్రభో అని దండం పెడుతుంది. కొత్త గుడ్డ కొన్నా గిరాకీలు ఊరుకోరు, నన్నే కప్పమని అడిగి మరీ గోక్కుంటారు. వాళ్ళకు గంగులప్ప ఆనాటి కథ రోజుకోసారి చెబుతాడు, ఏం భయపడ్డాడో ఆ రెడ్డి అంటూ. అది అబద్ధం. కత్తి గొంతు మీదికి రాకముందే రెడ్డి పిడికిళ్ళు విడిపోయాయి. తెగినప్పుడు కూడా ఆయన చేతులు రెండూ నా కింద, మోకాళ్ళ మీద, తెరుచుకునే ఉన్నాయి.