లకుముకి పిట్ట చోటు

నాజరయ్య మాస్టారు పుస్తకం కుడుతున్నారు. ఇది తెనాలిలో ఆయన బైండింగు కొట్టే, కానీ గోడలుండాల్సిన చోట ఆసుపత్రి పచ్చ తెరలు వేలాడుతున్నాయి, నేల మీద మోకాళ్ల లోతు నీళ్లున్నా మా ఇద్దరి కాళ్లూ తడవడం లేదు, దానికి నాకు ఆశ్చర్యమూ లేదు. ఆయన పోయి ఏడాదైందని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో, నా నోటి వెంట వచ్చేస్తుందేమోనని కంగారుగా ఉంది.

ఆయన చేతిలో ఉన్నది ఆ పక్షుల పుస్తకమే. నూరేళ్లు దాటినది, రాతి మీద గీసి అచ్చువేసి చేత్తో రంగులు దిద్దిన నలభై రెండు బొమ్మలు, ఒక్కో బొమ్మ మీదా ఉల్లిపొర లాంటి పల్చటి కాగితం. పద్దెనిమిదేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుని ఎన్ని పాత పుస్తకాలు చూశానో, ఈ పొరలు ఎత్తినప్పుడు మాత్రం ఊపిరి బిగపట్టేదాన్ని.

"ఇందమ్మా, దారానికి మైనం పట్టియ్యి. నాలుగింటికల్లా అయిపోవాలంట గదా," అంటారు తలెత్తకుండా.

"నాలుగింటికని మీకెవరు చెప్పారు మాస్టారూ?" అంటాను వెంటనే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను, కలలో కూడా బుద్ధి మారదు. నాలుగింటికి వచ్చేది హోటలాయన. బొమ్మలన్నీ కోసి విడివిడిగా ఇస్తే అద్దాలు కట్టించి గదుల్లో పెట్టుకుంటాడట. సరేనన్నాను. పుస్తకాలు కుట్టించుకునేవాళ్లు ఇప్పుడెవరున్నారని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మాస్టారు ఒక్కో పొరా ఎత్తి చూసుకుంటూ కుడుతున్నారు, గిజిగాడు ఉంది, వంగపండు పిట్ట ఉంది, వడ్రంగి పిట్ట ఉంది, సూది దిగి పైకి లేచినప్పుడల్లా కింద నీళ్లు ఒక వేలెడు పెరుగుతున్నాయి, వడ్రంగి పిట్ట తర్వాత లకుముకి పిట్ట రావాలి, అది అక్కడ లేదని నాకు తెలుసు.

"మాస్టారూ, కాస్త టీ తాగుతారా?"

"పోయినోడికి టీ ఎందుకమ్మా," అని నవ్వుతారు.

అయితే ఆయనకు తెలుసు. అమ్మయ్య అనుకునేలోపే ఆయన చెయ్యి వడ్రంగి పిట్ట మీదికి వస్తుంది, నేను ఆ చెయ్యి పట్టుకుంటాను, పట్టుకుంటే అది ఆసుపత్రి మంచం మీద సూది గుచ్చిన చెయ్యి. ఆ మంచం మీదే ఆయన నన్నడిగారు, బొమ్మలన్నీ ఉన్నాయా అమ్మా అని. అన్నీ ఉన్నాయి మాస్టారూ అన్నాను.

"లేవు," అంటాను ఇప్పుడు. "మీరు కుట్టడం మొదలెట్టక ముందు, ఒక శుక్రవారం నమాజుకి వెళ్లినప్పుడు, లకుముకి పిట్టని నేనే బ్లేడుతో కోసుకున్నాను. అమ్ముకోలేదు మాస్టారూ, ఒట్టు. ఆ నీలం నాకు కావాలనిపించింది."

ఆయన దారం కొస పళ్లతో కొరుకుతారు.

"ఏ పక్కకి చూస్తా ఉంటది అది?"

"కుడి పక్కకి."

"రోజూ చూస్తా ఉండావా?"

"చూస్తున్నాను. చూసినప్పుడల్లా భయమేస్తుంది."

"సరే. మిగతాది నువ్వు కుట్టుకో," అని సూది నా చేతికిస్తారు.

"మీరు ఎక్కడిదాకా కుట్టారు?"

"దాని చోటు దాకా," అంటారు, నీళ్లు ఆయన మెడ దాకా వచ్చేస్తాయి, మాస్టారూ అని అరుస్తాను.

లేచేసరికి గోడ గడియారంలో మూడున్నర. మధ్యాహ్నం కాసేపని నడుం వాల్చి నిద్రపోయినట్టున్నాను. మంచం మీద తువ్వాలు మూట, దాని మీద కొత్త బ్లేడు. ఆయన వెనక పిల్లలు లేరు గనక పుస్తకం నా దగ్గరికే వచ్చింది. వచ్చిన నాటి నుంచి ఆ మూట నేను విప్పలేదు.

విప్పాను. వడ్రంగి పిట్ట దాటాను. నేను కోసిన గీత కనిపిస్తుందని తల పక్కకి తిప్పుకుని పేజీ తిరగేశాను. గీత లేదు. అక్కడ వేలెడు వెడల్పు తెల్ల కాగితం పట్టీ ఉంది, మాస్టారి బిగువైన కుట్టుతో. ఊడిన బొమ్మ తిరిగొస్తే అంటించడానికి బైండర్లు అలా పట్టీ వదులుతారు. దాని అంచుకి ఇంకా జిగురు తగల్లేదు. కుట్టు అక్కడితో ఆగిపోయింది, ఆ తర్వాత కాగితాలన్నీ విడిగానే ఉన్నాయి.

ఆసుపత్రిలో నన్ను అడిగే నాటికే ఆయన ఈ పట్టీ కుట్టేసి ఉన్నారు.

ఏడ్చాను. తర్వాత లేచి గోడ మీది లకుముకి పిట్టని దించి, పటం వెనక మేకులు ఆ బ్లేడుతోనే పెకలించాను. వీధిలో హోటలాయన కారు హారన్ మోగేసరికి వంటింట్లో మైదా జిగురు ఉడుకుతోంది.