దీవెన గదిలోకి రాలిన వీధి

"దీవెనా! ఓ దీవెనా! నా నిమ్మకాయలు నీ గదిలో పడ్డాయేమో చూడమ్మా!"

కింద తోపుడుబండి దగ్గర్నుంచి శివపార్వతి కేక. చీకటి గదిలో దీవెన పరుపంతా తడిమింది. దొరికిన కాయల్ని మెట్ల మీంచి ఆమె కొంగులోకి విసిరింది.

వన్ టౌన్‌లో జాన్ పాల్ మావయ్య ఫోటో స్టూడియో మేడ మీది గది అది. ఇంటర్ అవగానే ఫోటోలు తీయడం నేర్చుకుంటానని దీవెన వస్తే, ఆయన కెమెరా ముట్టుకోనివ్వలేదు.

"ముందు ఈ గదినే కెమెరా చెయ్యి. వెలుగు ఎలా నడుస్తుందో చూడు. బటన్ తర్వాత నొక్కుదువుగాని."

కిటికీకి నల్ల చార్టులు అంటించి, మధ్యలో గుండుసూదితో చిల్లు పొడిచింది. వీధి వీధంతా వచ్చి ఎదురుగోడ మీద వాలింది, తలకిందులుగా. ఆకాశం కింద, రోడ్డు పైన. ఆటోలు గబ్బిలాల్లా వేలాడుతూ పోతున్నాయి.

తలకిందులైన వీధి కదా, గట్టిగా పట్టుకోనివన్నీ గదిలోకి రాలిపడేవి. సూది చిల్లుకి మల్లెమొగ్గలు, చొక్కా గుండీలు. వేలు దూరేంత చేస్తే నిమ్మకాయలు. ఓసారి ఇంకాస్త కత్తిరిస్తే కొబ్బరిబోండాం ధడేల్మంది. ఆ రోజే మావయ్య పాత పరుపు తెచ్చి వేశాడు. వీధిలో వాళ్లు ఏదైనా కనబడకపోతే ముందు మేడెక్కి అడిగేవాళ్లు, తర్వాతే ఇంట్లో వెతుక్కునేవాళ్లు.

"చిల్లు చిన్నదైతే బొమ్మ తేట, వెలుతురు తక్కువ. పెద్దదైతే వెలుతురెక్కువ, బొమ్మ మసక. రెండూ కావాలంటే కుదరదే పిల్లా," అనేవాడు మావయ్య.

దీవెనకి చిన్న చిల్లే ఇష్టం. ఎదుటి స్టీలు సామాన్ల కొట్లో యేసుకుమార్ నవ్వు అందులో ఎంత తేటగా కనిపించేదో! తలకిందులుగా చూసినా అందగాడే. రోజూ అతని పెన్ను రాలేది. రోజూ వచ్చి తీసుకెళ్లేవాడు.

"ఆ పెన్ను జేబుకి తగిలించుకోవచ్చు కదరా?" అన్నాడు మావయ్య ఓసారి.

"నిలవట్లేదు సార్," అన్నాడతను, దీవెన వంక చూస్తూ.

దీవెన పెన్ను చేతికిచ్చేది. మాట మాత్రం గొంతు దాటేది కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎదుటి కొట్టు ముందు కారు ఆగింది.

"యేసుకుమార్‌కి పెళ్లిచూపులట, చల్లపల్లి వెళ్తున్నారు," అన్నాడు మావయ్య. "పిల్ల నచ్చితే ఇవాళే మాట ఇచ్చేస్తాడట వాళ్ల నాన్న ఏసుపాదం."

"మరి ఆ అబ్బాయేమన్నాడు?"

"ఏమంటాడు? నోరుంటేగా! నీకు సరిజోడు."

దీవెన మేడ మీదికి పరిగెత్తింది. గోడ మీద తండ్రీ కొడుకులిద్దరూ చర్చికి వేసుకెళ్లిన తెల్ల చొక్కాల్లోనే ఉన్నారు. కత్తెర తీసుకుని చిల్లుని పళ్లెమంత చేసింది. గదిలోకి వెలుగు దూకింది, బొమ్మ కరిగిపోయింది. మిగిలినవి రెండు తెల్లటి మరకలు. ఒకటి కారు తలుపు పట్టుకుని ఉంది. ఇంకోటి ఎక్కడం ఇష్టం లేనట్టు దూరంగా, దేన్నీ పట్టుకోకుండా నిలబడింది.

ఇతనే, అనుకుని దీవెన ఇంకో బెత్తెడు కోసింది.

ధబ్బుమంటూ పరుపు మీద పడ్డాడు ఏసుపాదం.

"వందనాలు అంకుల్," అంది, ఏమనాలో తోచక.

"వందనాలమ్మా." ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "డ్రైవర్ కోసం చేతులు కట్టుకుని నుంచున్నా, అంతే. ఇంత చిల్లు ఎవరి కోసం పెట్టావే తల్లీ?"

దీవెన కాలి బొటనవేలితో పరుపు గీకింది.

"నాన్నా! దెబ్బ తగిలిందా?" వీధిలోంచి యేసుకుమార్ అరుస్తున్నాడు.

"లేదురా, ఉండు!" ఏసుపాదం ఆమె వైపు తిరిగాడు. "అక్కడ వాళ్లు భోజనాలకి చూస్తుంటారమ్మా. త్వరగా చెప్పు. కారు పోనివ్వాలా, ఆపాలా?"

అంత పెద్ద చిల్లులోంచి మాట వీధంతా వినపడుతుందని దీవెనకి తెలుసు. తెలిసే గట్టిగా అంది:

"ఆపండంకుల్. మీరని తెలీలేదు, మీ అబ్బాయనుకుని కోశాను. యేసుకుమార్ అంటే నాకు చాలా ఇష్టం."