గ్రాఫులో చెరిపేసిన శిఖరం

నెల్లూరు కాలేజీ లైబ్రరీకి ఆ విదేశీ పరిశోధన పత్రిక వచ్చిన రోజు నుంచి ఖాదర్ బాషాకు అన్నం సయించలేదు. ఫిజిక్సు లెక్చరరుగా చేరి అయిదేళ్ళయింది. క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోయి కిటికీ వైపు చూస్తుంటే విద్యార్థులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాలుగోరోజు సెలవు పెట్టి, పత్రిక సంచిలో వేసుకుని ముత్తుకూరు బస్సెక్కాడు. అక్కడి హైస్కూల్లో కరుణాకుమారి సైన్సు టీచరు.

1960లో వాళ్ళిద్దరూ యూనివర్సిటీలో ఒకే ప్రయోగశాలలో పరిశోధన చేసేవాళ్ళు. పరమాణు కేంద్రకం అదనపు శక్తి పుంజుకుని ఉత్తేజితమైతే, మెట్టు మెట్టుగా దిగుతూ గామా కిరణాలు వదులుతుంది. ఆ కిరణాల శక్తిని కొలిస్తే లోపలి మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుస్తుంది. అలా కొలవడానికి ఉన్నది ఒక్కటే స్పెక్ట్రోమీటరు. దాని ముల్లును కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, ఒక్కో చోట పది నిమిషాలు కిరణాలను లెక్కించి, గ్రాఫు కాగితం మీద ఒక్కో చుక్క పెట్టాలి. కిరణాలు ఎక్కువ పడిన చోట చుక్కలు శిఖరంలా లేస్తాయి; అది ఒక మెట్టుకు గుర్తు.

ఒకసారి కరుణాకుమారి గ్రాఫులో, పెద్ద శిఖరం పక్కనే, అంతవరకు ఎవరూ చెప్పని చిన్న శిఖరం కనిపించింది.

"ఇక్కడ ఇంకో మెట్టు ఉంది బాషాగారూ. మళ్ళీ మళ్ళీ కొలిచినాను, పోవడం లేదు" అన్నది.

అదే కేంద్రకం మీద ఖాదర్ బాషా థీసిస్ టైపు కూడా అయిపోయింది. ఆ మెట్టు నిజమైతే అతను గీసిన మెట్ల పటం తప్పు. ఇంకో ఏడాది పని. ఇద్దరి పనీ చూసే ప్రొఫెసరు పిలిచి ఆ శిఖరం గురించి అడిగినప్పుడు, "వోల్టేజీ నిలకడగా లేదండీ, అందుకే లేని శిఖరం కనిపించింది. ఆమె సరిచూసుకోకుండా కొలిచింది" అన్నాడు. వోల్టేజీ నిలకడగానే ఉంది. ఆ కొలతలప్పుడు మీటరు రీడింగులు రాసింది తనే.

ప్రొఫెసరు ఆమెను యంత్రం దగ్గరికి రానివ్వలేదు. ఆమె వాదించలేదు. నాలుగు నెలలు ఇతరుల లెక్కలు సరిచూసి, పరిశోధన మానేసి వెళ్ళిపోయింది. అతనికి డాక్టరేటు వచ్చింది.

ముత్తుకూరు హైస్కూలు టీచర్ల గదిలో ఆమె చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని కుర్చీ చూపించింది. "నెల్లూర్లోనే ఉండారని విన్నాను" అన్నది.

అతను పత్రిక తెరిచి ముందు పెట్టాడు. "జర్మేనియం డిటెక్టరని కొత్త పరికరం వచ్చింది, దాంతో కొలిచినారు. దగ్గర దగ్గర శిఖరాలను మన దానికంటే ఎంతో విడదీసి చూపిస్తుంది. మీరు చెప్పిన మెట్టు ఉంది."

ఆమె పట్టిక మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి వచ్చింది. "కిరణం శక్తి ఆరువందల పన్నెండు. నాకు ఆరువందల పది వచ్చింది. మరి వోల్టేజీ?"

"బాగానే ఉండింది. నాకప్పుడే తెలుసు. ప్రొఫెసరుగారికి అబద్ధం చెప్పినాను."

ఆమె పట్టిక మీద నుంచి వేలు తీసింది.

"పిల్లలకు ప్రాక్టికల్స్ పెట్టినప్పుడు పక్క టీచరును పిలిచి, ఈ రీడింగు సరిగ్గానే ఉందా అని అడుగుతా ఉంటాను" అన్నది. "ఆమె నవ్వుతుంది. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయి ఆరేళ్ళయింది బాషాగారూ. తప్పు నాదే అనుకున్నాను గదా."

అతను జరిగినదంతా ప్రొఫెసరుకు రాసిన ఉత్తరం తీసి ఇచ్చాడు. ఆమె పూర్తిగా చదివి, ఒకచోట ఆగింది.

"నన్ను మళ్ళీ పరిశోధనకు తీసుకోమని రాసినారు. అది కొట్టేయండి. నా తరఫున మీరేమీ అడగొద్దు. మిగతాది పంపండి."

అతను అక్కడే ఆ వాక్యం కొట్టేశాడు. గంట మోగింది. ఆమె పత్రిక మూసి అతని వైపు జరిపి క్లాసుకు వెళ్ళింది.

నెల తర్వాత ప్రొఫెసరు జవాబు వచ్చింది. 'మీ డిగ్రీ సంగతి మీ మనసుకే వదిలేస్తున్నాను. ఆమెను ఒక్క మాటైనా అడగకుండా పక్కన పెట్టిన తప్పు నాది' అని రాసి, కరుణాకుమారికి ఇవ్వమని విడిగా ఒక కవరు పెట్టాడు. దాన్ని చేతికివ్వడానికి ఖాదర్ బాషాకు మొహం చెల్లలేదు. రిజిస్టరు పోస్టులో పంపాడు.

వారానికి ఆమె సంతకంతో రసీదు కార్డు తిరిగొచ్చింది. దాని వెనకాలే ఏదైనా ఉత్తరం వస్తుందేమోనని అతను చాలా రోజులు పోస్టుమాన్ కోసం చూశాడు. రాలేదు.