తల మీది చేయి

కత్తెర బాబాయ్ చేసిన నేరం వింటే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది. క్షవరానికి వచ్చినవాళ్ళతో యేసు గురించి మాట్లాడాడు. అంతే! బార్బరన్నాక మాట్లాడకుండా ఉంటాడా? వానల గురించి మాట్లాడితే తప్పులేదు, పక్కింటివాళ్ళ గొడవలు చెప్పుకుంటే తప్పులేదు. దేవుడి మాటెత్తినందుకు మాత్రం సెలూన్‌కు తాళం వేసి, ఆయన్ను తీసుకెళ్ళి ఇంటికి రెండు రోజుల ప్రయాణంలో ఉన్న జైల్లో పడేశారు.

అక్కడా కత్తెర ఆయన్ను వదల్లేదు. ఖైదీలకు క్షవరం చేసే పని అప్పగిస్తూ జైలరు వేలు చూపించి మరీ చెప్పాడు.

"నీ నోట్లోంచి దేవుడి మాట ఒక్కటి బయటికి రాకూడదు. వచ్చిందా, నీ సంగతి చూస్తా."

బాబాయ్ సరేననలేదు, కాదనలేదు. కుర్చీ దులిపి, "ముందు ఎవరండీ?" అన్నాడు.

కుర్చీ అంటే పెద్ద కుర్చీ ఏమీ కాదు. నీళ్ళ కుళాయిల పక్కన వరండాలో ఒక కాలు పొట్టిదైన ఇనప కుర్చీ. ఆ కాలి కింద మడతపెట్టిన గోనెసంచి. అద్దం లేదు కాబట్టి, ఎలా చేసినా బాగుందనుకోవడం తప్ప ఖైదీలకు వేరే దారి లేదు. "ఎంత గొప్పవాడైనా నా ముందు తల వంచాల్సిందే" అని బాబాయ్ వేళాకోళమాడేవాడు. సాయంత్రం కాగానే మీసాల వార్డరు వచ్చి కత్తి, కత్తెర, దువ్వెన పెట్టెలో వేసుకుని వెళ్ళిపోయేవాడు.

నోరు మూసుకోమన్నారు, మూసుకున్నాడు. కానీ చేతికి ఎప్పటినుంచో ఒక అలవాటుంది. సొంత సెలూన్‌లో మొదటిరోజు నుంచీ ఉన్న అలవాటు. పని అయిపోయాక మెడ మీది వెంట్రుకలు దులిపి, ఎడమచేయి ఆ మనిషి తల మీద కాసేపు అలాగే ఉంచేస్తాడు. ఆ కాసేపట్లో అతని పేరు చెప్పి ప్రార్థన చేస్తాడు, పెదవి కదలకుండా.

అది ముందుగా పసిగట్టినవాడు గుండు. ఇళ్ళ తాళాలు తీయడంలో చెయ్యి తిరిగినవాడు. ముప్పై దాటేసరికే తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు గనుక జైలంతా అతన్ని అలాగే పిలుస్తుంది. గడ్డం గీయించుకుని కూడా కుర్చీలోంచి లేవలేదు.

"బాబాయ్, పనైపోయింది కదా. ఆ చెయ్యి ఇంకా అక్కడెందుకు?"

బాబాయ్ అటూ ఇటూ చూశాడు. అడక్కుండా చెప్పొద్దంటే సరే. అడిగినవాడికి కూడా చెప్పకపోతే ఎలా?

"నీ పేరు చెప్పి దేవుడికి అప్పజెప్తున్నాన్రా అబ్బాయ్."

"నా పేరు చెప్తే దేవుడు కూడా తలుపు గడియ వేసుకుంటాడు."

"వేసుకోడు. యేసును సిలువ వేసినప్పుడు పక్కన ఒక దొంగ ఉన్నాడు. నన్ను గుర్తుపెట్టుకో అని అడిగాడు. అందరికంటే ముందు వాణ్ణే లోపలికి రానిచ్చాడు."

 గుండు తాళాలు తీసే తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకున్నాడు. "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

ఇలాంటి మాటలు దాగుతాయా? నెల తిరక్కుండా బాబాయ్ కుర్చీ ముందు వరస పెరిగింది. ఎన్నేళ్ళుగానో గడ్డం పెంచుకుంటున్నవాళ్ళు తీయించుకున్నారు. మొన్న క్షవరం చేయించుకున్నవాడు మళ్ళీ వచ్చి, "చెవుల దగ్గర కాస్త సరిచెయ్యి బాబాయ్" అనేవాడు. చెయ్యి తల మీద పడ్డప్పుడు కొందరు ఇంటిదగ్గర పిల్లల పేర్లు కూడా మెల్లగా చెప్పేవాళ్ళు.

అంతా సవ్యంగా సాగుతుండగా గుండే కొంప ముంచాడు. ముందురోజే గడ్డం గీయించుకున్న మనిషి, మర్నాడు ఆత్రం ఆపుకోలేక వచ్చి వరసలో నిలబడ్డాడు. అప్పుడే అటుగా వచ్చిన జైలరు ఆగిపోయాడు. నున్నటి గడ్డం, అంతకంటే నున్నటి తల.

"ఏరా, నీకేం క్షవరం?"

గుండు తల తడుముకున్నాడు. జైలరు బాబాయ్ వైపు తిరిగాడు.

"ఏం జరుగుతోందయ్యా ఇక్కడ?"

తలనొప్పికి మర్దనా అంటే సరిపోయేది. మీసాల వార్డరు కూడా అదే చెప్పమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. కానీ బాబాయ్‌కు అబద్ధం చేతకాదు.

"ప్రార్థనండి. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నాను."

"క్షవరానికీ ప్రార్థనకీ సంబంధమేంటి? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతావా? రేపటినుంచి చెయ్యి పెట్టకుండా క్షవరం చెయ్యి!"

"చెయ్యి పెట్టకపోతే చెవి తెగుద్దండి."

వరసంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వే జైలరుకు గుచ్చుకుంది. గొంతు తగ్గించి అన్నాడు.

"రేపు నీ భార్య వస్తోంది కదూ? పొద్దున అందరి ముందూ నిలబడి చెప్పు. నా చేతిలో ఏమీ లేదు, ఇక ప్రార్థన చెయ్యను అని చెప్పు. చెప్తే ఆమెను చూస్తావు. లేదంటే వచ్చిన దారినే పోతుంది."

బాబాయ్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమెను చూసి ఏడాది దాటింది. ఈమధ్య ఆమె కళ్ళకు పొర కమ్ముతోంది, ఇక లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. "చూపు పూర్తిగా పోకముందే నీ మొహం ఒక్కసారి చూడాలి" అని కబురు పంపింది. ఆ ఒక్క చూపు కోసం రెండు రోజుల దారి పడి వస్తోంది.

ఆ సాయంత్రం ఆయనకు ముద్ద దిగలేదు. రెండే రెండు మాటలు. పైకి అనేసి, లోపల తన ప్రార్థన తను చేసుకోవచ్చు. దేవుడికి తెలియదా? దేవుడికి తెలుసు. ఆ కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? తమ తల మీద పెట్టిన చేయి ఉత్తి చేయేననుకోరూ?

తెల్లవారి ఖైదీలందర్నీ ఆవరణలో నిలబెట్టారు. బాబాయ్ ముందుకొచ్చాడు.

"అయ్యా, నా చేతిలో ఏమీ లేదు. అది నిజమే. ఉన్నదంతా ఆ యేసయ్య చేతిలోనే ఉంది. ప్రార్థన మాత్రం మానను. నా భార్యను చూడనివ్వకపోయినా మానను."

జైలరు మొహం కందగడ్డయింది. ఆ రోజు బాబాయ్ నడుచుకుంటూ తన వరండాకు వెళ్ళిన తీరు చూడాల్సింది! ఊరేగింపులో పెళ్ళికొడుకు కూడా అంత నిటారుగా నడవడు. వెళ్ళి కుర్చీ వెనక గోడకు ఆనుకుని, ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

మధ్యాహ్నం గుండు వచ్చాడు. ఆ రోజే అతని తల్లీ చూడటానికి వచ్చింది. ములాఖత్ గదిలో చువ్వల అవతల బాబాయ్ భార్య కూడా ఉందట. బాబాయ్ భార్య గనుక గుండుకు ఆమె పిన్ని.

"ఏడ్చిందా?" అన్నాడు బాబాయ్.

"కుదరదు పొమ్మనగానే కూలబడిపోయింది. జరిగిందంతా నేనే చెప్పాను. వినీ వినగానే, 'మానేస్తానని అనలేదు కదా?' అని అడిగింది. అనలేదు పిన్నీ అన్నాను. అప్పుడు చూడాలి బాబాయ్ ఆమె మొహం! 'అది చాలురా. ఆ మాట అనేసి వచ్చి నా ముందు నిలబడితే, ఈ కళ్ళతో ఏ మొహాన్ని చూసేదాన్ని? మా ఆయన మొహం నాకు గుర్తుంది' అంది."

బాబాయ్ పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇన్నాళ్ళు కాపురం చేసినా మనిషిని ఇంకా తక్కువే అంచనా వేశానే అనుకున్నాడు. ఛాతీ నిండిపోయింది.

"ఇంకోటుంది. కూర్చో" అన్నాడు గుండు.

"ఎక్కడ?"

"నీ కుర్చీలోనే. ఇవాళ నీ వంతు."

బాబాయ్ ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. పొట్టికాలు కిర్రుమంది.

"చువ్వల్లోంచి చెయ్యి చాపింది, బాబాయ్. నన్ను దగ్గరికి రమ్మంది. వార్డరు అటు తిరిగి మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఈ బోడితల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, నీలాగే. మా అమ్మకు ఏం జరుగుతోందో తెలియలేదు గానీ, చివర్లో తనూ ఆమెన్ అంది. తర్వాత పిన్ని నా చెయ్యి పట్టుకుని, 'ఇది పట్టుకెళ్ళి ఆయనకివ్వు' అంది."

గుండు కుర్చీ వెనక్కి వచ్చి, లాగుకు రెండు చేతులూ తుడుచుకున్నాడు. తాళాలు తప్ప ఏదీ అంత జాగ్రత్తగా ముట్టుకోని చేయి పైకెత్తాడు.

పొద్దున జైలరు ముందు వంగని తల. బాబాయ్ దాన్ని మెల్లగా వంచాడు.