మగ్గం గుంతలో కాళ్లు

మగ్గం గుంతలోకి కాళ్లు దించే ముందు శ్రీరంగప్ప కట్టెతో మూడుసార్లు నేలను కొట్టేవాడు. అయ్యలారా, నేసేవాడి కళ్లు పడుగు దారాల మీద ఉంటాయి, చేయి పోగును అటూ ఇటూ నడిపే నాడె మీద ఉంటుంది. మోకాళ్ల కింద చీకట్లో ఏముందో కనపడదు. ఆ భయం అందులో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

భయం పుట్టింది మాత్రం పెరట్లో. ఎనభై అయిదులో, వానలు మొహం చాటేసిన ఏడు, ధర్మవరంలో ఆ వీధంతా ఎండిపోయినా ఆయన భార్య నాగలక్ష్మమ్మ పెరటిని బతికించుకుంది. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు, ఒక్క చెంబు కూడా వృథా పోనిచ్చేది కాదు. మృగశిర కార్తెలో వేసిన అనపపాదు కార్తీకానికి పందిరి నిండా పూసింది. దాని నీడన కనకాంబరాలు, మూలన బీరతీగ. పగిలిన కుండపెంకులో నీళ్లుంచితే పిచ్చుకలు, కప్పలు చేరాయి. ఒకరోజు జెర్రిపోతు కూడా వచ్చింది.

దాని పొడవు చూడగానే శ్రీరంగప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. దొరికిన కట్టెతో అక్కడికక్కడే చంపేశాడు. అంతటితో ఆగాడా? కొడవలి అందుకున్నాడు.

"ఇంట్లో అడివి పెంచినావు గదే! అంతా నరికేస్తా!"

"అది జెర్రిపోతయ్యా, ఇసం లేదు. ఎలకల కోసం వచ్చింటాది. పూతకొచ్చిన పాదును నరికేదానికి నీకు చేతులెట్లాడతాయి?"

"గుంతలో నీ కాళ్లుంటే తెలుస్తాది!"

సాయంత్రానికి తెగిన తీగలన్నీ వాడిపోయాయి. నాగలక్ష్మమ్మ పాత విత్తనాలను బూడిదలో కలిపి, మూట కట్టి అటక మీద దాచింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

పెరడు బోసిపోయింది. పిచ్చుకలు రావడం మానేశాయి. భయం పోయిందా అంటే, రెట్టింపయింది. గుంతలో ఏదో గరగరమనేది. పాము పగ పన్నెండేళ్లంటారు కదా, చచ్చినదాని జోడే వచ్చిందని శ్రీరంగప్ప వణికిపోయేవాడు.

మాఘంలో ఒక ఉదయం కాలి బొటనవేలు చురుక్కుమంది.

"కరిచింది! లక్ష్మీ, కరిచిందే!"

వేలి నుంచి నెత్తురు కారుతోంది. పక్కింటి రామాంజులు జట్కా తెచ్చాడు. ఆసుపత్రి దాకా శ్రీరంగప్ప తన భార్య చెయ్యి వదల్లేదు.

"నేను పోతే పిల్లోళ్లను మగ్గం మీద కూర్చోబెట్టొద్దు లక్ష్మీ."

"నోర్ముయ్యయ్యా, నీకేం కాదు," అంది ఆమె.

ముసలి కాంపౌండరు కదిరప్ప గాయం కడిగి, పరీక్షగా చూశాడు.

"ఏమప్పా, ఇవి పాము కోరలు కాదు, ఎలక పండ్లు. ఇంట్లో పామేమన్నా కనపడిందా?"

శ్రీరంగప్ప తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు.

"అట్ల చెప్పు! జెర్రిపోతును చంపి ఎలకలకు పెండ్లి చేసినావు. అది తిరిగినన్నాళ్లూ నీ ఇంటికి కాపలా ఉండె గదప్పా!" అని సూది వేసి పంపాడు.

ఇంటికొచ్చి గుంతలోకి దీపం దించి చూశారు. పెళ్లిచీర కోసం మగ్గానికి ఎక్కించిన పడుగు కిందివైపు తెగి వేలాడుతోంది. ఓ మూల ఎర్రటి పట్టుపోగుల గూట్లో కళ్లు తెరవని ఎలక పిల్లలు. మూడు వారాల కష్టం! శ్రీరంగప్ప అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మళ్లీ మృగశిర వచ్చింది. నాలుగు చినుకులు పడగానే అతనే అడిగాడు.

"లక్ష్మీ, ఇత్తనాల మూట యాడ పెట్టినావు?"

ఆమె అటకెక్కింది.

కార్తీకానికి అనపపాదు మళ్లీ పూసింది, పిచ్చుకలు తిరిగొచ్చాయి. ఒకరోజు పందిరి కింద పొడుగాటి జెర్రిపోతు కదిలింది. రామాంజులు కట్టె ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. శ్రీరంగప్ప రెండడుగులు వెనక్కేసి, మళ్లీ ముందుకొచ్చాడు. రామాంజులు చేతిలోని కట్టెను గట్టిగా పట్టుకుని ఆపాడు.

"వద్దు రామాంజులన్నా, దాన్ని పోనీ. భయం నాకూ ఉండాది. భయమేసినదాన్నల్లా చంపుకుంటా పోతే, మనల్ని కాసేది ఒకటీ మిగల్దు."